శీతకాలంలో సముద్రతీర చారిత్రక పట్టణాల యాత్ర: ఎప్పుడు బయలుదేరవలెను, ఏ దారిన పోవలెను

ప్రతి ఏటా దీపావళి గడచి, రాగి కోతలు ముగియవచ్చు వేళకు మన సరిహద్దు గ్రామాలలో ఒక మాట వినబడుతుంది: ఈసారి పిల్లలకు సముద్రం చూపించవలెనని. కొండలు, మామిడి తోపులు, చెరువులు తప్ప వేరెరుగని హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పిల్లలకు సముద్రం ఒక వింత. అవ్వతాతలలో సైతం దానిని చూడనివారు ఇంకను ఉన్నారు. అందుచేత నలుగురు బంధువులు కలిసి ఒక బండి మాట్లాడుకొని, అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసిన మరునాడే బయలుదేరుతారు. ఈ వ్యాసం అట్టి కుటుంబాల కొరకు వ్రాయబడినది. ఎక్కడికి పోవలెనన్న దానికంటె ఎప్పుడు పోవలెనన్నది ముందుగా నిర్ణయించుకొనవలెనని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

మన శీతకాలం వేరు, తీరపు శీతకాలం వేరు

మనకు డిసెంబరు అనగా చలి, మంచు, అనపకాయల కాలం. తూర్పు తీరానికి డిసెంబరు అనగా వానకాలపు చివరి అంకం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాల వలననే తమిళనాడు తీర జిల్లాలకు సంవత్సర వర్షపాతంలో సగానికి మించి లభిస్తుంది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేదీ ఈ మాసాలలోనే. 2011లో థానే తుపాను డిసెంబరు 30వ తేదీన, అనగా సరిగ్గా బడి సెలవులలో, పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటింది. 2018లో గజ తుపాను నవంబరు 16న నాగపట్టణం ప్రాంతాన్ని దెబ్బతీసింది. 2020లో నివర్ తుపాను నవంబరు చివరి వారంలో పుదుచ్చేరి సమీపాన తీరం చేరింది.

తుపాను తీరంలోనే ఆగిపోతుందని మనవారు అనుకొంటారు. 2024లో ఫెంజల్ ఆ భ్రమను తొలగించింది. నవంబరు 30న పుదుచ్చేరి సమీపాన తీరం దాటిన ఆ తుపాను లోనికి సాగి, డిసెంబరు 2వ తేదీ ఉదయంతో ముగిసిన 24 గంటలలో మన జిల్లాలోని ఊత్తంగరైలో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. రోడ్డు ప్రక్కన నిలిపిన వ్యానులు, కార్లు నీటిలో కొట్టుకొని పోయాయి. అంతకు ముందటి రోజు, డిసెంబరు 1న, తిరువణ్ణామలైలో కొండచరియ విరిగిపడి ఏడుగురు మరణించారు. ఇవి రెండును మనం పుదుచ్చేరికి పోవు దారిలోని ఊళ్లే అన్నది గమనించవలెను. నేను కూడ ఒక డిసెంబరులో పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరి, చెంజి దాటలేక వెనుదిరిగినవాడనే. ఆనాడు ముందుగా చెల్లించిన గది అద్దె తిరిగి రాలేదు, పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

సంక్రాంతి నాటికి సాధారణంగా వాన వెనుదిరుగుతుంది. జనవరి మూడవ వారం నుండి ఫిబ్రవరి చివరి వరకు తీరంలో పగలు ఎండ ఇబ్బంది పెట్టదు, రాత్రి ఉక్క ఉండదు. యాత్రకు ఇదే తగిన కాలం. అయితే ఈ కాలంలోనూ రెండు మూడు తేదీలు తప్పించవలెను. పొంగలు పండుగలలో చివరిదైన కాణుం పొంగల్ నాడు మామల్లపురం, చెన్నై కడలితీరాలలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. గణతంత్ర దినం శని, ఆదివారాలతో కలిసి వస్తే బెంగుళూరు జనమంతా పుదుచ్చేరిలోనే ఉంటారు. డిసెంబరు 31 సంగతి చెప్పనక్కర లేదు. ఆ రాత్రి పుదుచ్చేరి కుటుంబాలకు తగిన చోటు కాదు, గదుల అద్దె కూడ అందుబాటులో ఉండదు.

మన పనులు కూడ చూసుకొనవలెను కదా! హోసూరు చుట్టుప్రక్కల గులాబీ తోటలున్నవారికి ఫిబ్రవరి 14 వరకు తీరిక దొరకదు. వారు ఆ తేదీ దాటిన తరువాతనే పెట్టుకొనుట మేలు. ఎద్దుల పండుగ జరిగే ఊళ్లవారు తమ ఊరి తేదీ తెలుసుకొని గది మాట్లాడుకొనవలెను. పిల్లల బడి విషయానికి వస్తే, ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, ఒక సోమవారం సెలవు అడిగితే తప్పేమీ లేదు. పది, పన్నెండు తరగతుల పిల్లలకు మాత్రం ఆ నెలలో వద్దు. డిసెంబరు సెలవులు తప్ప వేరు దారి లేనివారు భారత వాతావరణ శాఖవారి హెచ్చరికలను ప్రతిదినం చూడవలెను. నారింజ, ఎరుపు హెచ్చరికలు ప్రకటించినా, జాలరులను సముద్రంలోనికి పోవద్దన్నా, ప్రయాణం మానుకొనవలెను. గది మాట్లాడుకొనునప్పుడే, తుపాను వచ్చిన పక్షంలో అడ్వాన్సు వేరొక తేదీకి చెల్లుబాటు అవుతుందా అని అడిగి, ఆ జవాబును వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను.

దారులు

హోసూరు నుండి కృష్ణగిరి 50 కిలోమీటర్లు. అక్కడినుండి ఊత్తంగరై, చెంగం, తిరువణ్ణామలై, చెంజి, తిండివనం మీదుగా పుదుచ్చేరి సుమారు 210 కిలోమీటర్లు. పూర్వం 66వ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన దారి ఇదే. ఇప్పుడు కృష్ణగిరి నుండి తిండివనం వరకు 77 అని వ్రాసియుంటుంది. హోసూరు నుండి ఆగుతూ పోతే ఆరేడు గంటలు పడుతుంది. రెండవ దారి వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, కాంచీపురం మీదుగా చెన్నైకి పోయే 48వ రహదారి. కృష్ణగిరి నుండి చెన్నైకి సుమారు 255 కిలోమీటర్లు. ఒక దారిన పోయి మరొక దారిన వచ్చినచో చూసిన ఊరే చూడనక్కర లేదు. సూళగిరి, హోసూరుల మధ్య జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముతుంది. కావున మూడు గంటలకే బయలుదేరవలెనన్న పట్టుదల వద్దు.

రైలులో పోదలచిన వారు కృష్ణగిరిలో రైలు స్టేషను లేదన్నది గుర్తుంచుకొని, హోసూరుకో, జోలార్‌పేటకో చేరవలెను. జోలార్‌పేట నుండి చెన్నైకి రైళ్లు ఎక్కువ. మైసూరు నుండి బెంగుళూరు మీదుగా మయిలాడుతురై వైపు పోయే రాత్రి రైలు ఒకటి కలదు. తరంగంబాడికి పోవువారికి అది అనుకూలం.

అద్దె బండి విషయంలో మనవారు పొరపడేది ఒకచోట ఉన్నది. తెల్ల నంబరు పలక గల సొంత కారును తక్కువ అద్దెకు ఇచ్చేవారు ప్రతి ఊరిలోను ఉంటారు. ప్రమాదం జరిగితే అట్టి బండికి బీమా సొమ్ము రాకపోవచ్చు. పసుపు పలక బండినే మాట్లాడుకొనవలెను. కిలోమీటరు అద్దె ఎంత, దినానికి కనీసం ఎన్ని కిలోమీటర్లు లెక్కిస్తారు, డ్రైవరు బత్తా ఎంత, టోల్ గేట్ల ఖర్చు, పుదుచ్చేరి పర్మిట్టు ఖర్చు ఎవరివి అన్నవి ముందే తేల్చుకొనవలెను. డ్రైవరుకు పడుకొనుటకు చోటు చూపవలెను. రాత్రంతా దోమలతో బండిలో కూర్చున్న మనిషి మరునాడు మన పిల్లలను మోసుకొని పోతాడని మరువరాదు.

చెంజి, పుదుచ్చేరి

దారిలో తిరువణ్ణామలై దర్శనం చేసుకొని, చెంజి కోట దగ్గర రెండు గంటలు ఆగవచ్చు. విజయనగర కాలంలో ఇక్కడ ఏలినవారు నాయకరాజులు. 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన మరాఠా కోటలలో తమిళనాడు నుండి ఉన్నది ఇదొక్కటే. రాజగిరి శిఖరం వరకు ఎక్కవలెనంటే పూట పడుతుంది. అవ్వతాతలున్నచో క్రింది కోటలోని ధాన్యపు కొట్లు, కల్యాణ మహలు చూపితే చాలును.

పుదుచ్చేరిలో ఫ్రెంచివారు 1674లో స్థిరపడ్డారు. 1693లో డచ్చివారు పట్టుకొని 1699లో తిరిగి ఇచ్చారు. 1761లో ఆంగ్లేయులు ఊరిని నేలమట్టం చేశారు. ఈనాడు మనం చూసే ఫ్రెంచి వీధులు చాలవరకు ఆ తరువాత కట్టినవే. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశానికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962లో పూర్తయింది. కాకినాడ దగ్గరి యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. అందుచేత తమిళుల మధ్య ఉన్న ఈ ఊరి ప్రభుత్వానికి తెలుగు కూడ ఒక వ్యవహార భాష. మన పిల్లలకు ఇది చెప్పదగిన సంగతి.

డూప్లే గవర్నరుగా ఉన్న కాలంలో ఆయనకు దుబాసిగా పనిచేసిన ఆనంద రంగ పిళ్లె (1709–1761) తమిళంలో వ్రాసుకొన్న దినచర్య పుస్తకాలు చరిత్రకారులకు పెన్నిధి. ఆయన తెలుగు కవులను కూడ పోషించాడు. కస్తూరి రంగకవి తన ఛందో గ్రంథానికి ‘ఆనందరంగరాట్ఛందము’ అని ఆయన పేరే పెట్టాడు. ఆయన నివసించిన మేడ ఆయన పేరు గల వీధి ప్రాంతంలో నేటికీ నిలిచియున్నది. అరవిందాశ్రమంలోనికి మూడేండ్ల లోపు పిల్లలను రానివ్వరు. ఇంటివారు వంతులవారీగా లోనికి పోవలెను. ఊరికి దక్షిణాన కొద్ది దూరంలో అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ త్రవ్వకాలు జరిపి, రోము దేశంతో వర్తకం జరిగినట్లు చూపే మట్టి పాత్రలను వెలికితీశాడు. అక్కడ ఇప్పుడు చూడదగిన కట్టడం అంతగా లేదు. పిల్లలు నిరాశ పడతారు, వస్తువులను మ్యూజియంలో చూపుట మంచిది. సాయంత్రం కడలితీరపు రోడ్డున వాహనాలను ఆపివేస్తారు, వృద్ధులు నిశ్చింతగా నడవవచ్చును. తిరిగి వచ్చునప్పుడు మద్యం సీసాలు బండిలో పెట్టవద్దని డ్రైవరుకు, కుర్రవాళ్లకు ముందే చెప్పవలెను. సరిహద్దు చెక్‌పోస్టులలో తమిళనాడు పోలీసులు సోదా చేస్తారు.

తరంగంబాడి: బంగారు రేకుపై తెలుగు చేవ్రాలు

పుదుచ్చేరి నుండి కడలూరు, చిదంబరం, శీర్గాళి మీదుగా తరంగంబాడి సుమారు 115 కిలోమీటర్లు. మనవారు వేళాంగణ్ణికి, నాగూరుకు పోతూ ఈ ఊరిని దాటిపోతారే గాని దిగరు. నా మట్టుకు, ఈ తీరంలో తెలుగు పిల్లలకు ఒక్క ఊరే చూపగలమంటే ఇదే చూపుతాను.

1620లో ఓవె గెడ్డె అను సేనాని నాయకత్వంలో డెన్మార్కు ఓడలు ఈ తీరానికి వచ్చాయి. అప్పుడు తంజావూరు ఏలుచున్నవాడు రఘునాథ నాయకుడు. ‘వాల్మీకి చరిత్రము’ వ్రాసిన తెలుగు కవి, చేమకూర వేంకటకవికి ఆశ్రయమిచ్చిన రాజు ఈయనే. ఈ రాజు జాలరుల పల్లె అయిన తరంగంబాడిలో కోట కట్టుకొని వర్తకం చేసుకొనుటకు డేనులకు అనుమతి ఇచ్చాడు. ఆ సందర్భంలో డెన్మార్కు రాజు నాల్గవ క్రిస్టియన్‌కు బంగారు రేకుపై లేఖ పంపాడు. లేఖ తమిళంలో ఉన్నది. క్రింద రాజు చేవ్రాలు తెలుగులో ఉన్నది. ఆ రేకు నేటికీ కోపెన్‌హేగెన్‌లో భద్రంగా ఉన్నది.

ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం అన్న మన బ్రతుకు నాలుగు వందల ఏండ్ల నాడు ఒక రాజుగారి ఉత్తరంలో కూడ అట్లే ఉండెనని చెప్పినప్పుడు, తరగతిలో ఎన్నడు నోరు విప్పని పిల్లలు సైతం ప్రశ్నలు వేస్తారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన బడులలో తెలుగు చదువు ఎంత తగ్గిందో తల్లిదండ్రులకు తెలిసినదే. బడిలో దొరకనిది కొంత ఇట్టి చోట్ల దొరుకుతుంది.

సముద్రం ఎదుట నిలిచిన డాన్స్‌బోర్గ్ కోట ఆ ఒప్పందపు ఫలమే. లోపల చిన్న మ్యూజియం ఉన్నది. జర్మను మత ప్రచారకుడు జీగెన్‌బాల్గ్ 1706 జూలైలో ఇక్కడ దిగి, తమిళం నేర్చి, అచ్చు యంత్రం తెప్పించి పుస్తకాలు ముద్రించాడు. ఆయన కట్టించిన 1718 నాటి చర్చి రాజవీధిలో ఉన్నది. ఆ తరువాత 1719లో ఇదే ఊరికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ చెన్నపట్నం చేరి తెలుగు నేర్చుకొన్నాడు. జర్మనీకి తిరిగి పోయి 1746 ప్రాంతంలో హాలె పట్టణంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. డేనులు 1845లో ఈ ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేశారు.

కోట ప్రక్కనే ఒడ్డున మాసిలామణి నాథుని ఆలయం కలదు. పాండ్యుల కాలపు ఆ గుడి ముందు భాగాన్ని కెరటాలు కోసివేశాయి. సముద్రం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ వేరుగా వివరించనక్కర లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం వచ్చిన సునామీలో తమిళనాడులో అన్నిటికంటె ఎక్కువ ప్రాణనష్టం జరిగినది ఈ ప్రాంతం చేరియున్న నాటి నాగపట్టణం జిల్లాలోనే. ఆరు వేల మందికి పైగా మరణించారు. ప్రస్తుతం ఈ ఊరు 2020లో ఏర్పడిన మయిలాడుతురై జిల్లాలో ఉన్నది.

కోటలలోని మ్యూజియాలు సాధారణంగా శుక్రవారం మూసివేస్తారు, పుదుచ్చేరి మ్యూజియం సోమవారం మూసియుంటుంది. తరంగంబాడిలో భోజన వసతి తక్కువ. మధ్యాహ్నానికి చిదంబరమో, మయిలాడుతురైయో చేరునట్లు చూసుకొనవలెను.

మామల్లపురం, సద్రాసు

పుదుచ్చేరి నుండి తూర్పు తీర రహదారిలో మామల్లపురం సుమారు 95 కిలోమీటర్లు. అయిదు రథాలు, అర్జునుని తపస్సు శిల్పం, తీర దేవాలయం మన పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. రథాలు ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పం. తీర దేవాలయం ఎనిమిదవ శతాబ్దపు తొలినాళ్లలో రాజసింహుని కాలంలో కట్టినది. 1984 నుండి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవి. ఒకే టిక్కెట్టు రథాలకు, తీర దేవాలయానికి చెల్లుతుంది గావున మొదటి చోట కొన్నదానిని పారవేయవద్దు. పదునైదేండ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. ఉదయమే చేరినవారికి ఎండ, జనం రెండును తక్కువ.

అక్కడికి దక్షిణాన కల్పాక్కం ప్రక్కన ఉన్న సద్రాసులో, అనగా సదురంగపట్టినంలో, డచ్చివారి ఇటుక కోట, సమాధులు ఉన్నాయి. పుదుచ్చేరి నుండి వచ్చుదారిలోనే ఉన్నది కావున అరగంట ఆగవచ్చు.

చెన్నపట్నం, పళవేర్కాడు

48వ రహదారిన పోవువారు చెన్నపట్నం మొదలుగా చూడవచ్చును. 1639లో ఆంగ్లేయులకు ఇక్కడి నేలను ఇచ్చినవారు దామెర్ల వేంకటాద్రి నాయకుడు, అతని సోదరుడు అయ్యప్ప నాయకుడు. వారి తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నం అయినది. సెయింట్ జార్జి కోటలో ఇప్పుడు సచివాలయం ఉన్నందున సోదా ఉంటుంది; పెద్దలందరు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకొనవలెను.

చెన్నైకి ఉత్తరాన పళవేర్కాడులో, అనగా పులికాటులో, డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఈనాడు పొదలు కప్పిన దిబ్బ. సమాధుల తోట మాత్రం చూడదగినది. చలికాలంలో సరస్సుకు రాజహంసలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ వైపున సూళ్లూరుపేట నుండి చూచుట సులభం. ఇక్కడ పడవ ఎక్కువారికి ఒక హెచ్చరిక. 2011 డిసెంబరు 25న విహారానికి వచ్చిన కుటుంబాల పడవ ఈ సరస్సులో తలక్రిందులై ఇరువది మందికి పైగా మునిగిపోయారు. వారిలో అనేకులు ఒకే బంధువర్గంవారు. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కరాదు. ఇచ్చినా ఇంటివారందరు ఒకే పడవలో ఎక్కరాదు.

సముద్ర స్నానం గురించి కూడ ఇక్కడనే చెబుతాను. చెరువులో ఈత వచ్చినవాడికి సముద్రంలో ఈత వచ్చినట్లు కాదు. చెరువు నీరు మనిషిని లాగదు. కెరటం వెనుదిరుగునప్పుడు కాలి క్రింది ఇసుకతో సహా లాగుతుంది. మునిగేవారిలో చాలమంది మనవలె లోతట్టు ఊళ్లనుండి వచ్చినవారే. మామల్లపురం, పుదుచ్చేరి తీరాలలో మోకాలి లోతు దాటవద్దు. పిల్లల చేయి పెద్దలొకరు పట్టుకొనియుండవలెను, ఆ పెద్ద చేతిలో సెల్‌ఫోను ఉండరాదు.

ఎన్ని దినాలు

యువకులకు మూడు దినాలు చాలును. మొదటి దినం చెంజి, పుదుచ్చేరి. రెండవ దినం తరంగంబాడికి పోయి రాత్రికి పుదుచ్చేరికే తిరిగి వచ్చుట. మూడవ దినం మామల్లపురం చూసి, కాంచీపురం, వేలూరు మీదుగా ఇల్లు. ఈ చివరి దినం సుమారు 400 కిలోమీటర్ల ప్రయాణం, తేలిక కాదు. అవ్వతాతలు, చంటిబిడ్డలు ఉన్నచో నాలుగు దినాలు పెట్టుకొని, మూడవ రాత్రి మామల్లపురంలో గడపవలెను. మధ్యాహ్నం రెండు గంటలకైనా అక్కడ కదలినవారు రాత్రి తొమ్మిదికి హోసూరు చేరగలరు.

దుప్పట్లు, స్వెట్టర్లు పోవురాక ప్రయాణాలకే; తీరంలో నూలు బట్టలు చాలును. బి.పి., చక్కెర మాత్రలు వాడే పెద్దలు రెండు దినాలకు అధికంగా తెచ్చుకొనవలెను. రాగి ముద్ద లేనిదే నిద్రపట్టని తాతలకు తీరపు హోటళ్లలో అది దొరకదు. వంటగది ఉన్న బస దొరికితే కొంచెం రాగి పిండి వెంట ఉంచుకొనుట మంచిది. మా ఇంటిలో అట్లే చేస్తాము.